ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మకు షుగర్, కాలికి పుండు. ఇంటికొచ్చి కట్టు మార్చేవాళ్లు దొరుకుతారా?

వినుకొండవాడు:

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లా, వినుకొండ దగ్గర పల్లెటూరు. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మకు 72 ఏళ్లు, నాన్న పోయినప్పటి నుంచి ఊళ్లో ఒక్కతే ఉంటోంది. షుగర్ ఇరవై ఏళ్ల పైనుంచీ ఉంది, పొద్దున, సాయంత్రం ఇన్సులిన్. చూపు బాగా మందగించింది, సిరంజి మీద గీతలు కనబడవు. పక్కింటి పిన్ని వచ్చి మందు లాగి ఇస్తే తనే పొట్ట మీద పొడుచుకుంటుంది. పిన్ని మిరప కోతకు పొద్దున్నే వెళ్లిపోయిన రోజు మాత్రం అంచనా మీద లాగేసుకుంటుంది. అది తలుచుకుంటే నాకు ఆఫీసులో పని మీద మనసు నిలవదు, అంత టెన్షన్.

ఈమధ్య కాలి వేలికి చిన్న బొబ్బ లేచింది. పాదాలకు స్పర్శ తగ్గిపోవడం వల్ల తనకు నొప్పే తెలియలేదు, చీము పట్టి వాసన వచ్చేదాకా ఎవరూ చూడలేదు. గుంటూరు తీసుకెళ్తే వేలు తీసేశారు. ఆపరేషను, మంచం, మందులు అన్నీ సర్కారు ఆరోగ్య కార్డు మీదే అయిపోయాయి, మా చేతి నుంచి పెద్దగా పడలేదు, ఆ మాట చెప్పి తీరాలి. ఇంటికి పంపేటప్పుడు రోజు విడిచి రోజు కట్టు మార్పించండి, ఆ కాలి మీద బరువు వేయొద్దు, షుగర్ తరచూ చూపించండి అని రాసిచ్చారు. ఎవరు మార్చాలి, ఎక్కడ మార్పించాలి అన్నది ఆ కాగితంలో లేదు. టౌనుకి ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ నాలుగొందలు. కాలు ఆనించొద్దన్న మనిషిని ఆటో ఎక్కించి, దించి, మెట్లెక్కించి, గంటసేపు బల్ల మీద కూర్చోబెట్టి కట్టు మార్పించుకు రావాలన్నమాట. అది కుదరక ఊళ్లో ఆర్ఎంపీ గారితో మార్పిస్తున్నాం. మంచి మనిషి, రాత్రిపూట పిలిచినా వస్తాడు. కానీ పుండు మానుతోందా, లోపలికి పోతోందా, అంచులు నల్లబడుతున్నాయా అని చూసి చెప్పే చదువు ఆయనకు లేదు.

ఇక్కడ మా మామగారికీ షుగరే, వయసూ దాదాపు అంతే. ఆయనకు ఫోన్‌లో బుక్ చేస్తే పొద్దున ఆరింటికల్లా ఇంటికొచ్చి పరగడుపు రక్తం తీసుకుంటారు, టిఫిన్ తిన్నాక మళ్లీ వచ్చి తీసుకుంటారు, మధ్యాహ్నానికి రిపోర్టు ఫోన్‌లో ఉంటుంది. మోకాళ్లకు ఫిజియోథెరపీ కూడా హాల్లో సోఫా పక్కనే. అమ్మ ఏం తక్కువ చేసిందని ఆమెకు ఇవేవీ లేవు?

అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చేయమని దయచేసి ఎవరూ చెప్పకండి. తీసుకొచ్చాం, ఉండలేకపోయింది, ఆమె ఇష్టం ఆమెది. నేను అడిగేది ఒక్కటే. ఆమె ఇంట్లో ఆమె ఉండగానే వైద్యం అందే దారి ఏదైనా ఉందా? ప్రభుత్వం తరఫున ఇంటికి రావాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎవరిని అడగాలి? ఆపరేషన్‌కి పనికొచ్చిన కార్డు ఈ కట్లకు పనికిరాదా?

క్లినిక్_సిస్టర్:

తమ్ముడూ, నేను ఏపీలోనే ఒక విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే క్లినిక్ చూసుకునే నర్సుగా చేస్తున్నాను. మీది వేరే జిల్లా అయినా పద్ధతి ఒకటే కాబట్టి చెప్తున్నా.

ముందు కార్డు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు అయినా (70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షలు) రెండూ ఆస్పత్రిలో చేరితేనే. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు కలుస్తాయి గానీ షుగర్ పుండు 15 రోజుల్లో మానేది కాదు, నెలలు పడుతుంది. ఇంటికొచ్చే నర్సుకు, కట్టు సామానుకు, సిరంజిలకు అందులో డబ్బు లేదు.

ఇక ఎవరు రావాలి అంటే, కాగితం మీద మేమే రావాలి. పెద్దవాళ్ల ఆరోగ్యం కోసం కేంద్రానికి 2010 నుంచీ ఒక జాతీయ కార్యక్రమం ఉంది, ఇల్లు కదలలేని వృద్ధులను ఇంటికెళ్లి చూడటం, ఇంట్లోవాళ్లకు నేర్పడం సబ్ సెంటర్ (ఇప్పటి మా విలేజ్ క్లినిక్) పనుల్లో ఒకటని అందులోనే ఉంది. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో మొదలుపెట్టినదాంట్లో కూడా 104 బండితో డాక్టరు గారు ఊరికొచ్చి పొద్దున ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. మా దగ్గర వెళ్తున్నారు, నేనే వెంట వెళ్తాను.

చిక్కు ఎక్కడుందంటే, ఆ ఇళ్లకు వెళ్లే జాబితా మంచం పట్టినవాళ్లది. మీ అమ్మగారు గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్తారు కాబట్టి చాలాచోట్ల ఆ జాబితాలో పేరు ఎక్కదు. నడవగలిగితే క్లినిక్‌కి రమ్మంటారు, కాలు ఆనించొద్దంటే రాలేరు, మధ్యలో ఉండిపోతారు. షుగర్ ఉన్న ముసలివాళ్లలో నేను చూసేది ఎక్కువగా ఇలాంటివాళ్లనే. చూపు తగ్గినవాళ్లు, కాళ్లు మొద్దుబారినవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు. ఎవరూ మంచం మీద లేరు, ఎవరూ ఒంటరిగా టౌనుకి పోలేరు.

మీరు చేయాల్సింది: డిశ్చార్జి కాగితం ఫొటో తీసి మీ ఊరి ఆశాకి, ఏఎన్ఎమ్‌కి పంపండి, "కాలిపై బరువు వేయకూడదు" అని రాసిన చోట గీత పెట్టి మరీ పంపండి. ఇంటి దగ్గర చూడాల్సినవాళ్ల జాబితాలో పేరు రాయమని అడగండి. 104 ఏ రోజు వస్తుందో తెలుసుకుని ఆ రోజు మీరు ఫోన్‌లో అందుబాటులో ఉండండి. వాళ్లు రాలేకపోతే కనీసం పుండు ఫొటో తీసి డాక్టరుకి చూపించమనండి, క్లినిక్ నుంచి ఈ-సంజీవనిలో (ప్రభుత్వ వీడియో కాల్ వైద్యం) పెద్ద డాక్టరుతో మాట్లాడించే వీలూ ఉంది.

మా వైపు నుంచి కూడా చెప్పాలి. మైదాన ప్రాంతంలో సబ్ సెంటర్‌కి లెక్క 5000 జనాభా, టీకాలు, గర్భిణులు, బీపీ, షుగర్ పరీక్షలు, అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించడం. ఒక ఇంటికి రోజు విడిచి రోజు కట్టు కోసం వెళ్లడం నావల్ల కాదు, వారానికోసారి వెళ్లి చూడగలను. ఆ మిగతా రోజులకు మనిషిని ఎవరూ వేయలేదు.

ఇంకొకటి, ఇది మాత్రం ఈరోజే చూడండి. అమ్మ వాడేది సీసాలో మందా, పెన్నా? సీసా అయితే దాని మీద 40 అని ఉందా 100 అని ఉందా (ఒక ఎంఎల్ మందులో ఎన్ని యూనిట్లో చెప్పే అంకె అది)? సర్కారు ఆస్పత్రుల్లో ఇచ్చేది మామూలుగా 40. దానికి ఎర్ర మూత సిరంజి. 100 సీసాకి నారింజ రంగు మూత సిరంజి. పిల్లలు సిటీ నుంచి పంపేటప్పుడు ఇవి కలిసిపోతాయి. 100 మందుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ముసలావిడ, ఒంటరిగా, రాత్రిపూట. తెల్లారేసరికి తలుపు తీసేవాళ్లు ఉండరు. తిరగబడితే, అంటే 40 మందుని నారింజ మూత సిరంజిలో 20 దాకా లాగితే 8 యూనిట్లే పడుతుంది, షుగర్ దిగదు, పుండు మానదు. పిన్ని గారికి వీడియో కాల్‌లో రెండూ పక్కపక్కన పెట్టించి చూడండి.

హోసూరోణ్ణి:

మాది హోసూరు పక్క పల్లె, తమిళనాడే అయినా మా ఇళ్లలో తెలుగే. ఇక్కడ సంగతి చెప్తా, మీ వాళ్లను అడగడానికి పనికొస్తుంది.

2021 ఆగస్టులో "మక్కళై తేడి మరుత్తువం" అని పెట్టారు, అంటే వైద్యమే జనం దగ్గరికి రావడం. మొదలుపెట్టింది మా కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లిలో. మహిళా సంఘాల నుంచి ఆడవాళ్లను తీసుకుని నేర్పించి ఇంటింటికీ పంపుతారు. మా అవ్వ దగ్గరికి వచ్చే ఆమె మా పక్కవీధి మనిషే. సంచిలో బీపీ మిషను, షుగర్ చూసే మిషను, మాత్రలు. వాకిట్లో కూర్చుని వేలు పొడిచి చూస్తుంది, చీటీలో రాసుకుంటుంది, మాత్రలు లెక్కపెట్టి ఇస్తుంది, పోయినసారి ఇచ్చినవి మిగిలి ఉంటే "ఏం అవ్వా, మింగట్లేదా" అని నిలదీస్తుంది కూడా. నేను అడిగితే అవ్వ అబద్ధం చెప్తుంది, ఆమెకు చెప్పదు. మంచం పట్టినవాళ్లకు నర్సు, ఫిజియోథెరపీ చేసేవాళ్లు వేరే బండిలో వస్తారు. 2024లో ఐక్యరాజ్యసమితి వాళ్లు దీనికి అవార్డు కూడా ఇచ్చారు.

అంతా బాగుందని చెప్పను. కట్టు కావాలంటే నర్సు బండి వచ్చే రోజుదాకా ఆగాలి, మీ అమ్మకున్న కష్టం ఇక్కడా పూర్తిగా తీరదు. కానీ ఒక మనిషి నెలనెలా గడప దగ్గరికి వచ్చి కాళ్లు చూసి పోతుంటే ఆ బొబ్బ చీము పట్టేదాకా వెళ్లేది కాదేమో అనిపిస్తుంది నాకు. కేరళ వాళ్లు ఇంకా ముందే చేశారు, 2008లోనే పాలియేటివ్ కేర్‌కి, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యానికి, విధానం తెచ్చి పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతున్నారు.

కూకట్‌పల్లి_కోడలు:

అన్నా, సిటీలో అందరికీ అందుతోందనుకోకండి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి షుగర్ కూడా ఉంది, అటెండెంట్‌కే నెలకు ఇరవై వేల పైన అవుతోంది, అది పన్నెండు గంటలకే. ఆ అమ్మాయి ఇన్సులిన్ వేయకూడదట, ఏజెన్సీ రూలు, దానికి నర్సు కావాలి, నర్సంటే దాదాపు రెట్టింపు. అందుకని సూది నేనే వేస్తాను, ఆఫీసు మానేసి ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం వెతుక్కున్నాను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లమ్మకీ షుగరే. కింద సెల్లార్ పక్క గదిలో ఉంటుంది, మా అత్తగారు ఉండేది రెండో అంతస్తులో, మధ్య ఉన్నవి మెట్లే. మా ఇంటికి రక్తం తీయడానికి వచ్చే కుర్రాడు బండి ఆపేది ఆవిడ గది ముందే. బస్తీ దవాఖానాలో మాత్రలు ఉచితం, తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా పరీక్షలూ ఉచితమే, అది నిజంగా గొప్ప సంగతి, కాదనను. కానీ ఆవిడను అక్కడిదాకా తీసుకెళ్లాలంటే కోడలు నాలుగిళ్ల పని మానుకోవాలి. మానితే ఆ పూట జీతం కోత, రెండుసార్లు మానితే వేరే మనిషిని పెట్టుకుంటారు. అందుకే ఆవిడ షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మా ఇంట్లో ఉన్న మిషన్‌తో నేను ఆదివారాలు చూస్తున్నాను, స్ట్రిప్పులు నేనే కొంటాను, మొదటిసారి చూస్తే తిన్నాక 380 వచ్చింది.

ఊరా సిటీయా అన్నదాని కంటే, పిలిపించుకునే డబ్బు ఎవరి దగ్గర ఉందన్నదే నాకు కనిపిస్తోంది. పాలియేటివ్ కేర్ కోసం ఇక్కడ ఆలన బండ్లు ఇళ్లకు వెళ్తాయి, ఎక్కువగా క్యాన్సర్ వాళ్లకు, మంచం పట్టినవాళ్లకు. సిస్టర్ గారు చెప్పిన ఆ మధ్యలో ఉండిపోయినవాళ్లకు ఇక్కడా ఏమీ లేదు.

పాడేరు_టీచర్:

మా వైపు రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి, ఒంట్లో బాగోలేకపోతే డోలీ కట్టి మోసుకురావాలి. కొండ మీదికి ఇన్సులిన్ చేర్చినా ఫ్రిజ్ ఉండదు. మా ఆశా నేర్పిందేమిటంటే, పెద్ద మట్టికుండలో కొంచెం నీళ్లు పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపల పెట్టి, మూత మీద తడిగుడ్డ వేయాలి, నీడలో ఉంచాలి. తెరిచిన సీసా నాలుగు వారాలకు మించి వాడొద్దు. వినుకొండ వైపు ఎండాకాలం కరెంటు పోతే మీ అమ్మగారికీ ఇది ఉపయోగపడుతుంది. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు, మా దగ్గర ఇంటికొచ్చే సేవ అంటే ఆ ఆశా ఒక్కతే, ఆమె కాళ్ల మీద నడిచే సేవ.

తెనాలి_మాస్టారు:

బాబూ, నాకు 76. షుగర్ పాతికేళ్లుగా ఉంది. పిల్లలు దూరంగా ఉన్నారు, నాకు సూది వేసేది, కాళ్లు చూసేది నా భార్యే. ఆమెకు 70. రోజూ స్నానం అయ్యాక పీట వేసుకుని కూర్చుని నా వేళ్ల సందులు తుడిచి, అద్దం కింద పెట్టి అరికాలు చూస్తుంది. ఆమెకు షుగర్ వస్తే ఎవరు చూస్తారు? మగవాడికి జబ్బు చేస్తే ఇంట్లో ఒక మనిషి ఉంటుంది, ఆడమనిషికి, అందులోనూ భర్త పోయిన ఆమెకు, పక్కింటివాళ్లే దిక్కు. మీ అమ్మగారి కథలో నాకు మొదట కనిపించింది ఇదే. మీరు పిన్ని గారికి ఏమన్నా ఇస్తున్నారా? ఇవ్వకపోతే ఇవ్వండి, ఆమె తీసుకోనంటే వేరే రూపంలో ఇవ్వండి. ఆమె చేసేది నర్సు పని.

రెండో మాట. డాక్టరు గారిని అమ్మ షుగర్ ఎంతలో ఉంచాలో అడగండి. మూడు నెలల సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, వయసులో ఉన్నవాళ్లకు 7 లోపు అంటారు గానీ నాలాంటివాళ్లకు, ఇతర జబ్బులున్నవాళ్లకు 8 దాకా ఉన్నా ఫర్వాలేదంటున్నారు ఇప్పుడు, ఎందుకంటే మా వయసులో షుగర్ పడిపోవడమే పెద్ద ప్రమాదం. నాకు డోసు తగ్గించారు, అప్పటి నుంచి రాత్రి చెమటలు పట్టి లేవడం పోయింది. ఒంటరిగా ఉండే మనిషి తలగడ దగ్గర చక్కెర డబ్బా, చెంచా ఉండాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం అనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ తాగాలి. ఆ తర్వాత ఏదైనా తినాలి. వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, కాపడం పెట్టడం అస్సలు వద్దని చెప్పండి. స్పర్శ లేని కాలికి కాలినా తెలియదు.

వినుకొండవాడు:

అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా జరిగింది చెప్తాను.

సీసా 40దే, సిరంజిలు రెండు రకాలూ ఇంట్లో ఉన్నాయి. సిస్టర్ గారూ, ఆ మాట చెప్పి మీరు మాకు ఎంత మేలు చేశారో. నారింజవన్నీ తీయించేశాం. డాక్టరు గారితో మాట్లాడి పెన్నుకు మార్చడం గురించి కనుక్కుంటున్నాం, అందులో తిప్పితే టిక్ టిక్ అని శబ్దం వస్తుంది కాబట్టి చూపు తగ్గినవాళ్లకు కాస్త నయమన్నారు, కానీ ఎన్ని తిప్పిందో ఎవరో ఒకరు చూడాల్సిందే అని కూడా చెప్పారు.

ఏఎన్ఎమ్ గారికి కాగితం పంపాను. ముందు మంచం పట్టలేదు కదా అన్నారు, బరువు వేయొద్దని రాసిన లైను చూపించాక పేరు రాసుకున్నారు. 104 వచ్చినప్పుడు డాక్టరు గారు ఇంటికెళ్లి చూశారు, పుండు శుభ్రంగానే ఉందన్నారు. మిగతా రోజులకు పక్క ఊళ్లో జీఎన్ఎం (నర్సు కోర్సు) చదివి ఉద్యోగం లేకుండా ఉన్న అమ్మాయి ఉందని ఆశా చెప్పింది. ఆమె స్కూటీ మీద వచ్చి కట్టు మార్చి, ఫొటో నాకు పంపుతోంది. వచ్చినప్పుడల్లా రెండొందలు ఇస్తున్నాం. కట్టు సామానుతో కలిపి లెక్కేస్తే అమ్మ పింఛను 4000 దానికే చాలడం లేదు, మిగతాది నేను పెడుతున్నాను. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి పెడుతున్నాను. మా వీధిలోనే ఇంకో ఇద్దరు ముసలివాళ్లకు షుగర్ పుళ్లున్నాయని ఆ అమ్మాయే చెప్పింది, వాళ్లు పిలవరు, పిలిస్తే ఇవ్వాలి కదా అని.

నాకు అర్థంకానిది ఒకటుంది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం మనిషి అదే గడప దగ్గరికి వచ్చి పింఛను చేతిలో పెట్టి వెళ్తున్నారు. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరు, ఎక్కడ ఉంటారు, ఎవరు కదలలేరు అన్నీ వాళ్లకు తెలుసు. అదే రోజు వెంట నర్సు ఒకరు వచ్చి వేలు పొడిచి షుగర్ చూసి, కాళ్లు చూసి వెళ్లడానికి అడ్డమేంటి? పూర్తిగా మంచం పట్టినవాళ్లకు నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు, సంతోషమే, అది వాళ్లకు కావాలి. వేలు తీయడానికి ఆస్పత్రికి డబ్బు కట్టారు. ఈ రెంటికీ మధ్య, ఆ కాలు నిలబడటానికి, రోజు విడిచి రోజు వచ్చే అమ్మాయికి ఇవ్వాల్సిన రెండొందలు ఏ పథకంలోనూ లేవు. చదివి ఖాళీగా ఉన్న నర్సులు పల్లెల్లో ఉన్నారు, పుళ్లతో ఉన్న ముసలివాళ్లూ అక్కడే ఉన్నారు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదామనుకుంటున్నా. ఒక్కడినే పెడితే అమ్మ కోసం అడిగినట్టుంటుంది. పల్నాడు జిల్లావాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, కలిసి పెడదాం.

క్లినిక్_సిస్టర్:

పెట్టు తమ్ముడూ. అర్జీలో మీ అమ్మ గురించి రెండు లైన్లు చాలు. ఇళ్లకు వెళ్లే జాబితాలో "మంచం పట్టినవారు" అని ఉన్నచోట "కాలి పుండు వల్ల నడవకూడనివారు, చూపు తగ్గి ఇన్సులిన్ వేసుకోలేనివారు" అని కలపమని అడగండి, అది జిల్లా స్థాయిలో డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) గారు ఆదేశం ఇచ్చినా మాకు చాలు, మేము పేర్లు రాసుకోగలం. కట్టుకు డబ్బు సంగతి రెండో పేరాలో విడిగా రాయండి, అది పైనుంచి తేలాల్సింది, రెండూ కలిపి రాస్తే మొదటిది కూడా ఆగిపోతుంది. మీ వీధిలో ఆ ఇద్దరి పేర్లు ఆశాకి చెప్పారా? అర్జీ దాకా ఆగకుండా ఈసారి 104 వచ్చే రోజుకే చెప్పండి.